వేగమైన కారును నెమ్మదిగా నడిపి ఎంచుకోవాలి

ఆఫీసుకూ, పిల్లల బడికీ, పండుగకు ఊరికీ ఒకే కారు ఉండాలని, అది గట్టి పికప్ ఉన్న ఖరీదైన ఎస్‌యూవీ అయి ఉండాలని కోరుకోవడం దుబారా అని చాలామంది భావిస్తారు. నేను అలా భావించను. రోజూ రెండు గంటలు స్టీరింగు పట్టుకుని గడపవలసిన మనిషికి ఆ సమయం అలసట లేకుండా, బండి మీద పూర్తి పట్టుతో, కాస్త సంతోషంగా గడవడం అవసరమే. అయితే ఇలాంటి కారును ఎంచుకునే పద్ధతి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్న అంకెతో అందరూ మొదలుపెడతారు. గంటకు పది కిలోమీటర్ల వేగంతో, ముందు ఆటో, వెనుక బస్సు ఉండగా అది ఎలా నడుస్తుందో చూసి ఎంచుకోవాలని నేను అంటాను. నిత్యం వాడే కారు తన జీవితంలో ఎక్కువ భాగం గడిపేది అక్కడే.

మా ఇంటి పరిస్థితి చెబితే తప్ప నా ఎంపికకు అర్థం ఉండదు. మేము హైదరాబాదులో నల్లగండ్లలో ఉంటాము. నా ఆఫీసు కోకాపేటలో. మావారు తన కారులో వేరే దారిన వెళ్తారు కనుక పిల్లల బాధ్యత, మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లే బాధ్యత నా కారుదే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మా ఊరు విజయవాడ అవతల కంకిపాడు దగ్గర ఉంది. సంక్రాంతికీ, దసరాకూ, పెళ్లిళ్లకూ అయిదుగురమూ సామానుతో కలిసి వెళ్తాము. అంటే ఈ కారు నానక్‌రామ్‌గూడ ట్రాఫిక్‌లోనూ, అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీదా, చివరి కొన్ని కిలోమీటర్లు గడ్డి ట్రాక్టర్లు నడిచే సన్నని రోడ్డు మీదా ఒకే విధంగా పనికి రావాలి.

మొదట ఎదురయ్యే ప్రశ్న అసలు ఎస్‌యూవీ ఎందుకన్నది. వేగమే కావాలనుకుంటే బీఎండబ్ల్యూ ఎం340ఐ సెడాన్ చాలా మంచి బండి. చెన్నై దగ్గరి కర్మాగారంలోనే బిగించి అమ్ముతారు కనుక, పూర్తిగా దిగుమతయ్యే అదే స్థాయి ఎస్‌యూవీ కంటే ధర బాగా తక్కువ. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను, నాలుగున్నర సెకన్ల లోపు నూరు కిలోమీటర్ల వేగం. తేలికగా, నేలకు దగ్గరగా ఉండడం వల్ల మలుపుల్లో ఏ ఎస్‌యూవీ దాని సాటి రాదు. కానీ అత్తగారు దానిలో కూర్చోవాలంటే మోకాళ్లు పూర్తిగా వంచి కిందికి దిగాలి, లేవాలంటే ఒకరు చేయి అందించాలి. అలాగని మరీ ఎత్తైన ఎస్‌యూవీ తెస్తే ఎక్కడానికి కాలు పైకి ఎత్తవలసి వస్తుంది, అదీ కష్టమే. నిలబడిన మనిషి తుంటి ఎత్తుకు సీటు దాదాపు సమానంగా ఉంటే పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తీసుకోవచ్చు. మధ్య తరహా ఎస్‌యూవీలకు ఆ ఎత్తు సహజంగా వస్తుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ ఒక్క కారణం చాలు. షోరూముకు అత్తగారిని వెంట తీసుకువెళ్లి, ప్రతి కారు వెనుక సీటులోనూ ఎక్కించి దించి చూశాను. పట్టికల్లో కనిపించని విషయాలు అక్కడ తెలిశాయి.

రెండో కారణం కాలనీ స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటేటట్లు దానిని లెక్కగట్టారు. మన వీధుల్లో అపార్టుమెంట్ల వాళ్లు మిగిలిన కాంక్రీటుతో పోసుకున్న దిమ్మెలకు ఆ ప్రమాణంతో సంబంధం లేదు. అవి ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి. అయిదుగురితో, నిండు డిక్కీతో దాటేటప్పుడు సెడాన్ కింద తగులుతుంది. బీఎండబ్ల్యూ ఎక్స్3 గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం, 204 మిల్లీమీటర్లు. బరువుకు కొంత కిందికి దిగినా దిమ్మె తగలదు.

ఇక వేగం సంగతి. 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద గంటకు 120 కిలోమీటర్లు, మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్ల మీద 100, పురపాలక పరిధిలో 70. మన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద కూడా 2023 నుంచి లోపలి వరుసల్లో పరిమితి 120. కనుక 250 కిలోమీటర్ల గరిష్ఠ వేగం అనే అంకె నాకు ఏ విధంగానూ ఉపయోగపడదు; దానికోసం డబ్బు పెట్టడంలో అర్థం లేదు. ఉపయోగపడేది ఇరవై నుంచి ఎనభై మధ్య తొక్కగానే అందే బలం. ఫ్లైఓవరు దిగి సర్వీసు రోడ్డు నుంచి వచ్చే వాహనాల్లో కలిసేటప్పుడు, ఓఆర్ఆర్ ర్యాంపు ఎక్కి వేగంగా వచ్చే లారీల వరుసలో చోటు చూసుకునేటప్పుడు ఆ బలం భద్రతే.

పల్లె రోడ్డు మీద దీని విలువ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్న గడ్డి ట్రాక్టరు వెనుక ఉన్నామనుకుందాం. దానిని దాటి మళ్లీ మన వైపుకు రావడానికి దాని కంటే ముప్పై మీటర్లు ఎక్కువ ప్రయాణించాలి. ప్రతి సెకనుకూ వేగాన్ని గంటకు దాదాపు 11 కిలోమీటర్ల చొప్పున పెంచుకోగల బండి 65 కిలోమీటర్ల వేగాన్ని మించకుండానే నాలుగున్నర సెకన్లలో ఆ పని ముగిస్తుంది. అందులో సగం చొప్పున పెంచుకునే బండికి ఆరు సెకన్లకు పైగా పడుతుంది. తేడా రెండు సెకన్ల లోపే. కానీ ఎదురుగా 70 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు ఆ కాస్త సమయంలో దాదాపు 35 మీటర్లు దగ్గరకు వచ్చేస్తుంది. బలమైన ఇంజను ఎదురు వాహనాల వైపున ఉండే సమయాన్ని తగ్గిస్తుందన్నదే నా వాదన. అంతకు మించి వేగంగా పోవాలన్న కోరిక నాకు లేదు. అయిదు సెకన్లలో నూరు అందుకోవడమంటే వస్తువు కిందపడే త్వరణంలో సగానికి పైగా వెన్నులో తగలడం. పక్కన పెద్దవాళ్లు కూర్చుని ఉండగా ఎవరూ అలా తొక్కరు.

ఈ దృష్టితో జాబితా వేసుకుంటే పేర్లు కొన్నే మిగిలాయి. లాంబోర్గిని ఉరుస్, ఆడి ఆర్ఎస్ క్యూ8 వంటి ఎనిమిది సిలిండర్ల బండ్లు మా స్తోమతకు మించినవి. అవి కాకుండా బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎక్స్‌డ్రైవ్40ఐ, ఎక్స్3 ఎం40ఐ, పోర్షే మకాన్ ఎస్, మెర్సిడెస్ ఏఎంజీ జీఎల్‌సీ 43 కూపే నా ముందు నిలిచాయి. వీటిలో ఎక్స్5 మీద మావారికి మనసు ఎక్కువ. 381 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల ఇంజను, 2023 జూలైలో కొత్త రూపంతో వచ్చినప్పుడు 93.90 లక్షల నుంచి ధర, చెన్నైలోనే బిగింపు, విశాలమైన వెనుక సీటు. కానీ దాని పొడవు 4.93 మీటర్లు, వెడల్పు అద్దాలు కాకుండానే రెండు మీటర్లు. అపార్టుమెంట్లలో కారుకు ఇచ్చే గడి సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. మా గడికి ఒక పక్క స్తంభం కూడా ఉంది. టేపు పెట్టి కొలిచి చూస్తే తలుపు తెరుచుకునే సందులో నుంచి అత్తగారు దిగడం సాధ్యం కాదని తేలిపోయింది. ఎక్స్3 వెడల్పు 1.89 మీటర్లు. ఆ పదకొండు సెంటీమీటర్లే మా ఇంట్లో ఈ చర్చను ముగించాయి. ఇంత ఖరీదైన వస్తువు కొనేముందు టేపు తీసుకుని సెల్లారులోకి వెళ్లమని ఎవరికైనా చెబుతాను.

జీఎల్‌సీ 43 కూపే 2024 ఆగస్టులో 1.10 కోట్లకు వచ్చింది. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను నుంచి 421 హార్స్‌పవర్ రాబట్టారు. టర్బో ఆలస్యం, అంటే తొక్కాక బలం అందడానికి పట్టే సమయం, తగ్గించడానికి దానిలోనే ఒక చిన్న విద్యుత్ మోటారు పెట్టారు. సాంకేతికంగా గొప్ప పని. అయితే వెనుకకు జారే పైకప్పు వల్ల వెనుక సీటులో తల దగ్గర చోటు తగ్గుతుంది, కుటుంబం కోసం కొనే బండిలో నాకు అది నచ్చలేదు. పైగా నాలుగు సిలిండర్ల ఇంజను ఎంత బలంగా ఉన్నా నెమ్మదిగా పోయేటప్పుడు దాని కరకు స్వరం తెలుస్తూనే ఉంటుంది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న ఇంజనులో కదిలే భాగాల తోపులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి కనుక ప్రకంపన సహజంగానే తక్కువ. సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు చేతికి స్టీరింగు ద్వారా ఈ తేడా అందుతుంది.

అసలు పోటీ మకాన్ ఎస్‌కూ ఎక్స్3 ఎం40ఐకీ మధ్యనే నడిచింది. దీనిని తేల్చింది గేర్‌బాక్స్. పెట్రోలు మకాన్‌లో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ పెట్టె ఉంటుంది. బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఒక క్లచ్. ఒకటి వదిలే లోపే రెండోది పట్టుకుంటుంది కనుక గేరు మారడం రెప్పపాటులో జరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద అంతకంటే మంచి గేర్‌బాక్స్ నేను నడపలేదు. కానీ క్లచ్ అనేది ఎన్ని ఉన్నా క్లచ్చే. బండి అంగుళం అంగుళం జరిగేటప్పుడు కంప్యూటరు దానిని సగం పట్టించి సగం వదులుతూ ఉండాలి, ఆ పని చేసేటప్పుడు వేడి పుడుతుంది, అప్పుడప్పుడు చిన్న తడబాటు కాలికి తెలుస్తుంది. పోర్షే ఆ తడబాటును చాలావరకు అణచగలిగింది, అది ఒప్పుకోవాలి. ఎక్స్3లో ఉన్నది జెడ్ఎఫ్ సంస్థ ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టరు పెట్టె. ఇందులో ఇంజనుకూ గేర్లకూ మధ్య మొదటి కదలికను నూనె అందిస్తుంది. ఒక రెక్కల చక్రం నూనెను తోస్తే ఆ నూనె రెండో రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. రెండింటికీ నడుమ రాపిడి లేదు కనుక ఎంతసేపు పాకినా కుదుపు రాదు, అరుగుదల లేదు. వేగం అందుకున్నాక లోపలి క్లచ్ రెండింటినీ గట్టిగా కలిపేస్తుంది కాబట్టి బలం వృథా కాదు. పోర్షే వాళ్లు కూడా బరువైన కయెన్‌కు డ్యూయల్ క్లచ్ పెట్టకుండా టార్క్ కన్వర్టరు పెట్టెనే వాడుతున్నారన్నది గమనించదగిన విషయం.

షోరూము వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు ఓఆర్ఆర్ మీదికి తీసుకువెళ్తామన్నారు. సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ కూడలి నుంచి ఐకియా మీదుగా పోనిమ్మని నేను అడిగాను. "మేడమ్, ఆ ట్రాఫిక్‌లో బండి గురించి ఏం తెలుస్తుంది?" అని ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు. నాకు కావలసినదంతా అక్కడే తెలిసింది. యాక్సిలరేటరు మీద కాలు ఆనించగానే బండి ఎగిరిపడుతుందా, మెల్లగా కదులుతుందా. బ్రేకు మొదటి అంగుళంలోనే గట్టిగా పట్టేస్తుందా. ఆగిన ఇంజను మళ్లీ స్టార్టయ్యేటప్పుడు కుదుపు ఉందా. ముందు అద్దం పక్కనున్న కారు స్తంభం చాటున వచ్చే స్కూటరు కనిపిస్తుందా. ఏసీ మే నెల ఎండకు సరిపోతుందా. వేగమైన కార్లలో కొన్ని ఈ పరీక్షలో చాలా అసహనంగా ప్రవర్తిస్తాయి, వాటిని స్పోర్ట్ మోడ్‌లో నడిపితే తప్ప వాటి స్వభావం బయటపడదు, నగరంలో మాత్రం ప్రతి కదలికకూ వాటిని పట్టి ఆపుతున్నట్టు ఉంటుంది. ఎం40ఐ అలా లేదు. 360 హార్స్‌పవర్ ఉన్నప్పటికీ కంఫర్ట్ మోడ్‌లో అది మామూలు కారులా నడిచింది. దాని 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇంజను నిమిషానికి 1,900 చుట్ల దగ్గరే పూర్తిగా అందుతుంది కనుక ఇంజనును అరిపించకుండానే ట్రాఫిక్‌లో సందు దొరికినప్పుడు అందుకోవచ్చు. ఇంజనుకు తోడుగా ఉండే 48 వోల్టుల చిన్న మోటారు వల్ల ఆగిన ఇంజను మళ్లీ లేవడం దాదాపు తెలియదు.

ఇంజను కన్నా టైర్ల గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇలాంటి కార్లు కొన్నవాళ్లలో చాలామంది రోడ్డును తిట్టుకుంటారే గాని తాము ఎంచుకున్న చక్రాన్ని అనుమానించరు. టైరు మీద 245/45 ఆర్20 అని ఉంటే మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో, మూడోది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఎక్స్3కి ఇరవై అంగుళాల చక్రాల మీద ముందు ఈ కొలత, వెనుక 275/40 వేస్తారు. లెక్కవేస్తే రెండింటికీ సైడ్‌వాల్ 110 మిల్లీమీటర్లు. మకాన్‌కు ఇరవై ఒక్క అంగుళాల చక్రం మీద ముందు వచ్చే 265/40కు 106. అదే బండికి పందొమ్మిది అంగుళాల మీద వచ్చే 235/55కు 129. గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రాతి అంచుకూ మధ్య ఉండేది ఈ కొద్దిపాటి గాలి, రబ్బరే. పెద్ద రిమ్ము ఫొటోలో బాగుంటుంది, వాన కురిసిన మరునాడు ఖాజాగూడ దారిలో మాత్రం రెండు సెంటీమీటర్ల రబ్బరు విలువ తెలుస్తుంది.

ముందు వెనుక కొలతలు వేరుగా ఉండడం ఇంకొక ఇబ్బంది. మామూలు కార్లకు చేసినట్టు ముందు టైర్లు వెనుకకూ, వెనుకవి ముందుకూ మార్చి అరుగుదలను సరిచేయడం కుదరదు. పైగా బీఎండబ్ల్యూ ఇచ్చే రన్‌ఫ్లాట్ టైర్లకు పంక్చరైనా బండి బరువు మోయగలిగేటట్లు సైడ్‌వాల్ గట్టిగా చేస్తారు. 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చు. రాత్రివేళ సూర్యాపేట, కోదాడ మధ్య పిల్లలతో ఆగిపోకుండా ఉండడం పెద్ద ధైర్యమే. అందుకు మూల్యంగా ప్రతి చిన్న అతుకూ సీటు దాకా వస్తుంది, స్టెప్నీ ఉండదు, ఒకసారి గాలి లేకుండా నడిచిన టైరును బాగుచేయకుండా మార్చమనే సాధారణంగా చెబుతారు. మెత్తదనాన్ని మార్చుకోగల డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఈ లోటును కొంత పూడుస్తాయి కాబట్టి అవి లేని బండిని నేను తీసుకునేదాన్ని కాదు.

బ్రేకుల గురించి ఒక్క మాట. గతి శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఎనభై నుంచి ఆగడానికి ఖర్చయ్యే శక్తి కంటే 120 నుంచి ఆగడానికి రెండుంపావు రెట్లు ఖర్చవుతుంది. దాదాపు రెండు టన్నుల బండికి పెద్ద డిస్కులు ఉండడం అలంకారం కాదు. వాడిన బండి కొనేటప్పుడు డిస్కుల అంచులు వేలితో తడిమి చూడాలి.

ఇక్కడ విద్యుత్ కార్ల సంగతి నిజాయితీగా చెప్పాలి. ఇప్పటిదాకా నేను కోరిన గుణాలన్నీ, అంటే తక్కువ వేగంలో బలం, కుదుపు లేని కదలిక, నిశ్శబ్దం, మంచి విద్యుత్ కారులో ఇంకా మెరుగ్గా ఉంటాయి. పన్నుల పరంగానూ దానిదే పైచేయి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు ఎస్‌యూవీల మీద జీఎస్టీ 40 శాతం. అంతకు ముందు సెస్సుతో కలిపి 50. విద్యుత్ కారు మీద 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా విద్యుత్ వాహనాలకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. 2025లో 65.90 లక్షలకు వచ్చిన కొత్త కియా ఈవీ6 అయిదుంపావు సెకన్ల ప్రాంతంలో నూరు అందుకుంటుంది. నగరం దాటని కుటుంబం, సొంత ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోగల కుటుంబం ఇంకేదీ చూడనక్కరలేదని నేను స్పష్టంగా చెబుతాను. మా విషయంలో రెండు అడ్డంకులు వచ్చాయి. సెల్లారులో విడి మీటరు లాగడానికి మా అపార్టుమెంటు సంఘం ఇంకా తీర్మానం చేయలేదు. రెండోది అత్తగారి మోకాళ్లు. నేల కింద బ్యాటరీ పరచడం వల్ల కొన్ని విద్యుత్ కార్లలో వెనుక సీటుకూ నేలకూ మధ్య ఎత్తు తగ్గి, కూర్చున్నవారి మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద ఆనిక ఉండదు. విజయవాడ చేరేసరికి ఆమెకు కాళ్లు పట్టేస్తాయి. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర వరుస ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ రోజు ఛార్జింగ్ కేంద్రాల దగ్గర వరుస గురించి విడిగా చెప్పనక్కరలేదు.

ఖర్చు విషయంలో పెట్రోలు గురించి అందరూ అడుగుతారు. ట్రాఫిక్‌లో ఇలాంటి బండి లీటరుకు ఆరేడు కిలోమీటర్లు ఇస్తుంది. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగితే ఏడు చొప్పున 1,700 లీటర్లకు పైగా; లీటరు 107 రూపాయలనుకుంటే లక్షా ఎనభై వేల పైచిలుకు. తక్కువేమీ కాదు. కానీ అసలు ఖర్చు కంటికి కనిపించని తరుగుదల. ఎక్స్3 ఎం40ఐ 2023 మేలో 86.50 లక్షలకు, పరిమిత సంఖ్యలో, పూర్తిగా దిగుమతి చేసుకున్న బండిగా వచ్చింది. అప్పటి 18 శాతం లెక్కన తెలంగాణలో లైఫ్ ట్యాక్సే 15 లక్షల 57 వేలు. బీమా పట్టికలో వాహనం విలువను మొదటి ఆరు నెలలకే 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40 శాతం తగ్గించి లెక్కిస్తారు. మూడో ఏటికి 86.50 లక్షలు 60.55 లక్షలవుతుంది, కట్టిన లైఫ్ ట్యాక్స్ ఆ లెక్కలోకే రాదు. మొదటి యజమాని ఆ భారమంతా మోశాక రెండో యజమానిగా కొనడమే నాకు తెలివైన పనిగా కనిపించింది. అయితే ఆ బండి తెలంగాణలో రిజిస్టరైనదే కావాలి. వేరే రాష్ట్రం నుంచి తెస్తే అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టవలసి వస్తుంది, దానితో ధరలోని లాభం కరిగిపోతుంది. ఢిల్లీ బండ్లు చవకగా ఉన్నాయని ఆశపడేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

వాడిన బండిని పరిశీలించేటప్పుడు మన నగరంలో మొదట అనుమానించవలసింది నీటిని. 2020 అక్టోబరు వరదల్లో ఎన్ని సెల్లార్లు మునిగాయో మనం చూశాం, ఆ తరువాత కూడా ప్రతి వానాకాలం కొన్ని మునుగుతూనే ఉన్నాయి. సీటు పట్టాల కింద తుప్పు, బెల్టును చివరిదాకా లాగితే కనిపించే మట్టి చార, డిక్కీ తివాచీ కింద తేమ వాసన, ఇవన్నీ చూడాలి. సర్వీసు చరిత్రను కంపెనీ వర్క్‌షాపులో ఛాసిస్ నంబరుతో తెప్పించుకోవాలి. నాలుగు టైర్ల మీద ముద్రించిన తయారీ వారాలు ఒకదానికొకటి పొంతన లేకపోతే కారణం అడగాలి. బీమాలో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదలను కోయకుండా చెల్లించే రక్షణ), ఇంజను రక్షణ, టైరు రక్షణ తప్పక తీసుకోవాలి. నీటిలో ఆగిన ఇంజనును మళ్లీ స్టార్టు చేసి పాడుచేసుకుంటే సాధారణ పాలసీ వర్తించదని చాలామందికి బండి మునిగాకే తెలుస్తుంది.

ఈ పరీక్షలన్నీ దాటిన ఒక ఎం40ఐ మాకు దొరికింది. టీఎస్ అక్షరాలతో ఉన్న నంబరు, ఒకే యజమాని, పూర్తి సర్వీసు చరిత్ర. తీసుకున్నాక మొదట చేస్తున్న మార్పు చక్రాలదే. ఈ బండికి పందొమ్మిది అంగుళాల రిమ్ము మీద 245/50 టైరు నాలుగింటికీ ఒకటే కొలతతో సరిపోతుంది. సైడ్‌వాల్ 122 మిల్లీమీటర్లు దాటుతుంది, మొత్తం వ్యాసం పాతదానికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా సమానం కనుక స్పీడోమీటరు లెక్క తప్పదు. ముందూ వెనుకా మార్చుకోవచ్చు కాబట్టి నాలుగూ ఒకేలా అరుగుతాయి. రన్‌ఫ్లాట్ కాని మామూలు టైర్లు వేయిస్తున్నాను కనుక 550 లీటర్ల డిక్కీలో ఒక సన్నని స్టెప్నీకీ, గాలి పంపుకూ చోటు కేటాయించాను. వేగంగా మలుపు తిరిగేటప్పుడు వెనుక టైరు వెడల్పు తగ్గిన సంగతి కొంత తెలుస్తుందని టైర్ల దుకాణం ఆయన చెప్పారు, నాకు అభ్యంతరం లేదు. గాలి పీడనం సెన్సర్లు కొత్త రిమ్ములకు మార్పించడం, మారిన కొలతను బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం మిగిలి ఉన్నాయి. పాత ఇరవై అంగుళాల చక్రాలను అమ్మకుండా గుడ్డలు చుట్టి అటక మీద పెట్టించాను; ఎప్పుడైనా ఈ బండిని అమ్మవలసి వస్తే కొనేవాళ్లు వాటినే అడుగుతారు.